సెకండరీ లైను నిజంగా ఉందా? డాంటే నెట్‌వర్క్‌లో బ్యాకప్ గురించి

(లైవ్ సౌండ్ ఆపరేటర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా స్వల్పంగా సవరించాం. చివర్లో సభికుల ప్రశ్నలు కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? చెయ్యెత్తండి. సరే. సౌండ్ వాళ్ల మీటింగులో మైకు సరిగ్గా లేకపోతే అంతకన్నా నామర్దా ఉండదు.

నాకిచ్చిన విషయం నెట్‌వర్క్ ఆడియోలో బ్యాకప్ కనెక్షన్లు. మనలో చాలామంది రోజూ వాడేది డాంటే, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద ఆడియో పంపే పద్ధతి, కాబట్టి దాని చుట్టూనే మాట్లాడతాను. ఒక సెటప్ ఊహించుకోండి. ఎఫ్‌ఓహెచ్‌లో, అంటే స్టేజికి ఎదురుగా మిక్సింగ్ చేసే చోట, యమహా సీఎల్5 కన్సోల్. స్టేజి మీద మైకులన్నీ గుచ్చే రెండు రియో3224-డి స్టేజ్ బాక్సులు. స్టేజికి రెండు పక్కలా ఆంప్ ర్యాకులు. రికార్డింగ్‌కి ఒక ల్యాప్‌టాప్. ప్రీ రిలీజ్ ఫంక్షన్ అనుకోండి, బహిరంగ సభ అనుకోండి, సంగీత విభావరి అనుకోండి. మీలో సగం మంది ఈ వారంలోనే ఇలాంటిది కట్టి ఉంటారు.

లావుపాటి కేబుల్‌లో ఎన్నో మైకు లైన్లు కలిపి లాగే పాత అనలాగ్ స్నేక్ రోజుల్లో 48 లైన్లలో ఒకటి పోతే ఒక మైకు పోయేది. ఖాళీ లైనులోకి ప్యాచ్ మార్చేసి పని కానిచ్చేవాళ్లం. ఇప్పుడు రెండు రియోల 64 ఇన్‌పుట్‌లూ చిటికెన వేలంత కేబుల్‌లో వచ్చేస్తున్నాయి. గిగాబిట్ లింకు మీద 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ దగ్గర ఒక్కో దిశలో 512 చానళ్ల దాకా పంపొచ్చు. ఎత్తడానికి నలుగురు కావలసిన స్నేక్ పోయింది, సంతోషమే. కానీ ఆ సన్నటి కేబుల్ మీద ఎవరైనా బారికేడ్ కాలు దించితే స్టేజి మొత్తం ఒక్కసారిగా మూగబోతుంది.

అందుకే నేను ఏ సెటప్ చూసినా మైకు దగ్గర మొదలుపెట్టి స్పీకర్ దాకా నడుచుకుంటూ వెళ్తాను. దారిలో కనిపించిన ప్రతి వస్తువు దగ్గరా ఒకటే అడుగుతాను: ఇది ఇప్పుడు చచ్చిపోతే జనానికి ఏం వినిపిస్తుంది? కేబుల్, నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె), ప్లగ్ బోర్డు, యూపీఎస్, స్టేజ్ బాక్స్, దేన్నీ వదలను. "ఏమీ తేడా తెలియదు" అనే జవాబు ఎక్కడెక్కడ కావాలో, "ఒక నిమిషం ఆగుతుంది" అన్నా ఫరవాలేనిది ఎక్కడో ముందే తేల్చుకుంటాను. బ్యాకప్ ప్లాన్ అంటే నా దృష్టిలో అంతే. పరికరాల జాబితా తర్వాత వస్తుంది.

డాంటేలో రిడండెన్సీ, అంటే ఒకటికి రెండు దారులుండే ఏర్పాటు, ఎలా పనిచేస్తుందో ఒకసారి గట్టిగా చెప్పుకుందాం. ఎందుకంటే చాలామంది దాన్ని "ఒకటి పోతే రెండోదానికి మారుతుంది" అనుకుంటారు. అక్కడ మారడం అనేదే లేదు. ప్రైమరీ, సెకండరీ అని రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. పంపే పరికరం ప్రతి ఆడియో ప్యాకెట్‌నీ రెండిటి మీదా ఒకేసారి పంపుతుంది. ప్రతి ప్యాకెట్ మీదా అందులోని శాంపిల్స్ (సౌండ్‌ని కొలిచిన చిన్న చిన్న ముక్కలు) ఏ క్షణానివో ముద్ర ఉంటుంది. అందుకునే పరికరం రెండు పోర్టులూ చూస్తూ ఉంటుంది. ఏది ముందొస్తే అది బఫర్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, పెట్టుకుంటుంది, తర్వాత వచ్చిన నకలుని పారేస్తుంది. ప్రైమరీ మీద వంద ప్యాకెట్లు పాడైతే ఆ వందా సెకండరీ నుంచి వచ్చేస్తాయి. కేబుల్ పూర్తిగా తెగితే అన్నీ సెకండరీ నుంచే వస్తాయి. చెవికి చిటుక్కుమని కూడా వినిపించదు.

దీని విలువ తెలియాలంటే మామూలు కంప్యూటర్ నెట్‌వర్క్ సంగతి చూడండి. ఆఫీసుల్లో స్విచ్‌లని రింగులా కలిపి స్పానింగ్ ట్రీ పెడతారు. ఒక లింకు తెగితే స్విచ్‌లు మాట్లాడుకుని కొత్త దారి వెతుక్కుంటాయి. పాత స్పానింగ్ ట్రీకి దానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. తర్వాత వచ్చిన ర్యాపిడ్ రకం చాలా త్వరగా తేలుస్తుంది, అయినా మనకి చాలదు. మన డాంటే లేటెన్సీ, అంటే పంపినదానికీ వినిపించేదానికీ మధ్య పెట్టుకునే ఆలస్యం, మామూలుగా 1 మిల్లీసెకను. అంటే పరికరం చేతిలో ఉండే నిల్వ 48 శాంపిల్స్. ఒక్క సెకను ఆగితే 48,000 శాంపిల్స్ పోయినట్టు. మెయిల్ ఆలస్యమైతే ఎవరూ చావరు, ముఖ్య అతిథి మాట సగంలో తెగితే మాత్రం అందరి తలలూ మన వైపే తిరుగుతాయి.

1990ల్లో వచ్చిన కోబ్రానెట్ అనే నెట్‌వర్క్ ఆడియో పద్ధతిలోనూ రెండు పోర్టులు ఉండేవి. అది నిజంగానే ఒకదాని నుంచి ఇంకోదానికి మారే పద్ధతి. డాంటేని తయారుచేసిన సిడ్నీ కంపెనీ ఆడినేట్ వాళ్లు అందులో రెండిటినీ ఒకేసారి నడిపించారు. బ్రాడ్‌కాస్ట్ వాళ్లు వాడే ఎస్ఎంపీటీఈ 2022-7 అనే ప్రమాణం కూడా ఇదే ఆలోచన: రెండు దారుల్లో నకళ్లు పంపడం, అందుకున్నచోట కలుపుకోవడం. కాబట్టి ఇవాళ చెప్పేది డాంటేకే పరిమితం కాదు. రేపు మీరు టీవీ చానల్ ఓబీ వ్యాన్‌లో పనిచేసినా ఇదే లెక్క పనికొస్తుంది.

ఇక మన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేచోటికి వద్దాం. రియో వెనక రెండు పోర్టులుంటాయి, ప్రైమరీ, సెకండరీ అని రాసి ఉంటుంది. రాసినంత మాత్రాన అది సెకండరీ అయిపోదు. ఆ పోర్టుకి రెండు మోడ్‌లు ఉన్నాయి. డైసీ చెయిన్‌లో పెడితే ఆ రెండు పోర్టులూ లోపల కలిసిపోయి చిన్న స్విచ్‌లా పనిచేస్తాయి. డాంటే కంట్రోలర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో దాన్నే స్విచ్డ్ అంటారు. రిడండెంట్‌లో పెడితేనే రెండూ విడివిడి నెట్‌వర్క్‌లు. రియోలో దీన్ని డిప్ స్విచ్ అనే బుల్లి మీటతో మార్చాలి, కన్సోల్‌లో డాంటే సెటప్ పేజీలో మార్చాలి. డిప్ స్విచ్ మార్చాక పవర్ ఆపి మళ్లీ వేయాలి, మరిచిపోవద్దు.

ఇప్పుడు జరిగేది చూడండి. రెండు పరికరాలు డైసీ చెయిన్ మోడ్‌లోనే ఉన్నాయి. ఆపరేటర్ "బ్యాకప్‌కి ఉంటుంది" అని రెండో కేబుల్ కూడా ఆ రెండిటి మధ్యే పెట్టేశాడు. అది బ్యాకప్ కాదు, లూప్. ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ నిమిషాల్లో నెట్‌వర్క్ మొత్తాన్ని ముంచేస్తాయి. ఇంకో రకం ఉంది, అది ఇంతకన్నా మోసకారిది. కన్సోల్, ఒక రియో రిడండెంట్‌లో ఉన్నాయి. అద్దెకి తెచ్చిన రెండో రియో మాత్రం డైసీ చెయిన్‌లోనే ఉండిపోయింది. రెండు నెట్‌వర్క్‌ల కేబుళ్లూ దానికి గుచ్చగానే ప్రైమరీ, సెకండరీ ఆ బాక్సు లోపల కలిసిపోయాయి. క్లాక్ సందేశాలు, అంటే పరికరాలన్నీ ఒకే తాళంలో నడవడానికి పంపుకునేవి, అటూ ఇటూ కలగాపులగం అవుతాయి. పరికరాలు కనిపించి మాయమవుతుంటాయి. కాసేపు సౌండ్ బాగానే వస్తుంది కూడా, అదే అసలు ప్రమాదం. అద్దె బాక్సు ఏది వచ్చినా నెట్‌వర్క్‌కి కలిపేముందే దాని మోడ్ చూడండి. కలిపాక కాదు.

ఒక కన్సోల్, ఒక రియో అయితే అసలు స్విచ్‌లే అక్కర్లేదు. రెండిటినీ రిడండెంట్‌లో పెట్టి ప్రైమరీ నుంచి ప్రైమరీకి, సెకండరీ నుంచి సెకండరీకి రెండు కేబుళ్లు లాగితే చాలు. ఇంతకన్నా చవకైన రిడండెన్సీ ప్రపంచంలో లేదు. రెండో రియో రాగానే లెక్క మారుతుంది. ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపితే మధ్య బాక్సుకి పవర్ పోతే దాని తర్వాతదీ పోతుంది. అప్పుడు రెండు స్విచ్‌లు కొనాల్సిందే. అన్ని పరికరాల ప్రైమరీ పోర్టులూ ఒక స్విచ్‌కి, సెకండరీ పోర్టులన్నీ రెండో స్విచ్‌కి. ఎఫ్‌ఓహెచ్‌లో కన్సోల్‌తో పాటు సిస్టమ్ ప్రాసెసర్ లాంటివి కూడా ఉంటే స్టేజి దగ్గర రెండు, ఎఫ్‌ఓహెచ్‌లో రెండు. రంగు టేపు వేయండి. ప్రైమరీకి ఒక రంగు, సెకండరీకి ఇంకోటి. కేబుల్ రెండు చివర్లా, స్విచ్ మీద, ర్యాక్ ప్యానెల్ మీద ఒకటే రంగు ఉండాలి. చీకట్లో, హడావుడిలో రంగు చూసి గుచ్చుతారు గానీ ఎవరూ చదివి గుచ్చరు.

స్విచ్‌ల దగ్గర ఒక్క మాట. గిగాబిట్ అని రాసి ఉంటే చాలదు. కరెంటు ఆదా కోసం స్విచ్‌లలో ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్ అనే సదుపాయం ఉంటుంది. ట్రాఫిక్ తక్కువగా ఉన్నప్పుడు పోర్టు కునుకు తీస్తుంది. క్లాక్ ప్యాకెట్ సరిగ్గా అప్పుడొస్తే లేచి పంపేసరికి ఆలస్యం, సింక్ కదిలిపోతుంది. సెట్టింగ్స్ మార్చుకోగల మేనేజ్డ్ స్విచ్‌లో దాన్ని ఆపేయొచ్చు. మేనేజ్ చేయలేని చవక స్విచ్‌లలో కొన్నిటికి అది ఆపే దారే ఉండదు, అలాంటివి కొనకండి. ఆడియోతో పాటు లైటింగ్, వీడియో, ఇంటర్నెట్ కూడా అదే స్విచ్ మీద నడుస్తుంటే క్వాలిటీ ఆఫ్ సర్వీస్, అంటే ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో చెప్పే ఏర్పాటు, పెట్టాలి: క్లాక్ ప్యాకెట్ల మీద ప్రాధాన్యం చెప్పే డీఎస్‌సీపీ విలువ 56, వాటికి మొదటి ప్రాధాన్యం, ఆడియోకి 46, రెండో ప్రాధాన్యం. ఆడియో ఒక్కటే నడిచే గిగాబిట్ నెట్‌వర్క్ అయితే దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. నేనైతే లైటింగ్ వాళ్లని నా స్విచ్‌లోకి రానివ్వను. స్నేహం వేరు, స్విచ్ వేరు.

(నవ్వులు)

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే సంగతి. రెండో దారికీ మొదటి దారికీ ఏదైనా ఉమ్మడిగా ఉందా? ఉంటే ఆ ఉమ్మడిగా ఉన్నచోట మీకు బ్యాకప్ లేదు.

కేబుల్ తీసుకోండి. రెండు కేబుళ్లనీ జంటగా టేపు చుట్టి ఒకే ర్యాంప్ కింద లాగిన సెటప్‌లు ఎన్నో చూశాను. జనరేటర్ లారీ ఆ ర్యాంప్ పక్కనుంచి ఎక్కితే రెండూ కలిసే నలుగుతాయి. గ్రౌండ్‌లో అయితే ఒకటి ఎడమ బారికేడ్ వెంట, ఇంకోటి కుడి బారికేడ్ వెంట రావాలి. కేబుల్ ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. ఫంక్షన్ హాళ్లలో సీలింగ్ పైన ఎలుకలు ఉంటాయి. అవి ప్రైమరీ, సెకండరీ తేడా చూడవు. ఒకటి సీలింగ్‌లో వెళ్తే రెండోది గోడ పక్క పైపులో వెళ్లాలి.

దూరం కూడా చూసుకోండి. రాగి కేబుల్‌కి పరిమితి 100 మీటర్లు. స్టేజి నుంచి ఎఫ్‌ఓహెచ్ 50 మీటర్లే కదా అనుకుంటాం. వీఐపీ గ్యాలరీ చుట్టూ, బారికేడ్ వెంట తిప్పి, ట్రస్ ఎక్కించి దించేసరికి వందకి చేరిపోతుంది. పైగా మనం డ్రమ్ముకి చుట్టే మెత్తటి కేబుళ్లలో లోపల సన్నటి తీగల పేట ఉంటుంది, గోడల్లో వేసే గట్టి తీగ కన్నా వాటిలో నష్టం ఎక్కువ. నా మటుకు నేను 75 మీటర్లు దాటితే ఫైబర్‌కే వెళ్తాను. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక కేబుల్ మార్కెట్లో దొరుకుతుంది, తూకంలోనే తేలిపోతుంది. దాన్ని టీవీకి వాడుకోండి, షోకి తేవద్దు. ఫైబర్ అయితే రెండు చివర్లా స్విచ్‌లో గుచ్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లు ఒకే రకానివి కావాలి. మల్టీమోడ్ కేబుల్‌కి సింగిల్ మోడ్ మాడ్యూల్ తెచ్చి రాత్రంతా తల పట్టుకున్న వాళ్లు ఈ గదిలోనూ ఉండి ఉంటారు.

తర్వాత కరెంటు. రెండు స్విచ్‌లూ ఒకే ర్యాకులో, ఒకే ప్లగ్ బోర్డు మీద. ఇది ఎంత మామూలైపోయిందంటే ఎవరికీ తప్పుగా కూడా కనిపించదు. మెయిన్స్ నుంచి జనరేటర్‌కి మారేటప్పుడు ఒక్క సెకను కరెంటు పోయిందనుకోండి. లైట్లు వెంటనే వచ్చేస్తాయి. మేనేజ్డ్ స్విచ్ మాత్రం మళ్లీ బూట్ అవ్వడానికి ఒక నిమిషమో, అంతకన్నా ఎక్కువో తీసుకుంటుంది. ఆ నిమిషం మీకు ఏడాదిలా ఉంటుంది. ప్రైమరీ స్విచ్‌లు ఒక యూపీఎస్ మీద, సెకండరీ స్విచ్‌లు వేరే ఫేజు నుంచి వేరే యూపీఎస్ మీద పెట్టండి. రెండో యూపీఎస్‌కి డబ్బుల్లేకపోతే రెండో స్విచ్‌ని నేరుగా లైను మీదైనా పెట్టండి, అంతేగానీ రెండిటినీ ఒకే యూపీఎస్‌కి తగిలించకండి. యూపీఎస్ కూడా పాడైపోయే వస్తువే. రియోల్లో తర్వాతి తరం డి2 మోడళ్లకి రెండు పవర్ సప్లైలు ఉన్నాయి. రెండు ప్లగ్గులూ పక్కపక్క సాకెట్లలో పెడితే ఆ సదుపాయానికి పెట్టిన డబ్బు సగం దండగ.

మూడోది కనిపించని ఉమ్మడి: సెట్టింగ్స్. డాంటే పరికరాలు ఐపీ అడ్రస్ ఎవరూ ఇవ్వకపోతే తమకు తామే తీసుకుంటాయి. ప్రైమరీకి 169.254తో మొదలయ్యేవి, సెకండరీకి 172.31తో మొదలయ్యేవి. చిన్న సెటప్‌లకి అదే చాలు, అస్సలు ముట్టుకోవద్దు. మీరే అడ్రస్‌లు ఇస్తే రెండు నెట్‌వర్క్‌లకీ వేర్వేరు సబ్‌నెట్‌లు, అంటే వేర్వేరు అడ్రస్ గుంపులు, ఇవ్వండి. ఒకదానికి 192.168.1, ఇంకోదానికి 192.168.2 లాగా. ఐప్యాడ్‌తో మిక్స్ చేయడానికి వైఫై రౌటర్ పెడతాం. "దానికీ బ్యాకప్ ఉండాలి" అని ఒకే రౌటర్‌ని రెండు స్విచ్‌లకీ కలిపే మహానుభావులున్నారు. రౌటర్ వెనక పోర్టులన్నీ లోపల ఒకే స్విచ్. అంతటితో మీ రెండు నెట్‌వర్క్‌లూ ఒకటైపోయాయి. షో మధ్యలో రౌటర్ ఆన్ చేయడం కూడా మంచిది కాదు, అది కొత్త అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. ముందే ఆన్ చేసి ఉంచండి.

క్లాక్ గురించి క్లుప్తంగా. డాంటేలో ఒక పరికరం లీడర్, మిగతావి దాన్ని అనుసరిస్తాయి. లీడర్ పోతే ఇంకోదాన్ని వాటంతట అవే ఎన్నుకుంటాయి. మీరు ప్రిఫర్డ్ లీడర్ పెట్టదలిస్తే రెండు నెట్‌వర్క్‌లలోనూ ఉన్న పరికరానికి, షో అంతా ఆన్‌లో ఉండేదానికి పెట్టండి. స్టేజి మీది రియో మంచి ఎంపిక. లేటెన్సీ కూడా ఎక్కువ స్విచ్‌లు దాటే దారిని చూసే పెట్టాలి. పావు మిల్లీసెకనుకి మూడు స్విచ్‌లు, అర మిల్లీసెకనుకి ఐదు, ఒక మిల్లీసెకనుకి పది అని ఆడినేట్ వాళ్లే ఇచ్చిన లెక్క ఉంది. ప్రైమరీలో రెండే స్విచ్‌లున్నాయని పావు పెట్టేసి, సెకండరీని చుట్టూ తిప్పి ఐదు స్విచ్‌లలోంచి తెస్తే అవసరమైన రోజున సెకండరీ ప్యాకెట్లు ఆలస్యంగా వచ్చి చెత్తలో పడతాయి. లైవ్‌కి ఒక మిల్లీసెకను ఉంచేయండి, ఎవరి చెవీ పట్టుకోలేదు.

ఇంత చక్కగా కట్టాక ఒక చిక్కుంది. రిడండెన్సీ బాగా పనిచేస్తే ఏదైనా పోయినప్పుడు మీకు తెలియదు! ప్రైమరీ తెగిపోయింది, సౌండ్‌లో చిన్న తేడా కూడా లేదు, ఆపరేటర్ హాయిగా టీ తాగుతున్నాడు. ఆ క్షణం నుంచి ఆయనకి బ్యాకప్ లేదు. శాశ్వతంగా బిగించిన ఆడిటోరియంలలో ఇది మరీ ఎక్కువ. ఎప్పుడో ఏసీ మెకానిక్ సీలింగ్ ఎక్కి ప్రైమరీ కేబుల్ లాగేసి ఉంటాడు. నెలల తరబడి సెకండరీ మీదే నడుస్తూ ఉంటుంది. ఒకరోజు సెకండరీ స్విచ్ కాలిపోతుంది. అప్పుడు లాగ్ తెరిచి చూడటం దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టే.

కాబట్టి చూసే అలవాటు కావాలి. డాంటే కంట్రోలర్‌లో నెట్‌వర్క్ స్టేటస్ పేజీ ఉంది. ప్రతి పరికరానికీ ప్రైమరీ, సెకండరీ లింకులు విడిగా, వేగంతో సహా కనిపిస్తాయి. ప్రతి షోకి ముందు ఆ పేజీ చూడండి. గిగాబిట్ ఉండాల్సిన చోట 100 మెగాబిట్ కనిపిస్తే కేబుల్ సగం చచ్చినట్టు. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. పూర్తిగా తెగిన కేబుల్ కన్నా ఇలా సగం చచ్చినదే ఎక్కువ ఏడిపిస్తుంది. ఇంకో సంగతి, డాంటే కంట్రోలర్ ఉన్న ల్యాప్‌టాప్‌ని ప్రైమరీకి ఒక్కదానికే కలిపితే ప్రైమరీ స్విచ్ పోయినప్పుడు మీ స్క్రీన్ కూడా ఖాళీ అవుతుంది. చూడాల్సిన సమయంలోనే చూపు పోతుంది. రెండో నెట్‌వర్క్ అడాప్టర్ పెట్టి సెకండరీకి కూడా కలపండి. విండోస్‌లో ఆ రెండు అడాప్టర్లనీ బ్రిడ్జ్ మాత్రం చేయొద్దు, కారణం ఇప్పటికే మీకు తెలుసు.

ఇక పరీక్ష. పాట పెట్టి కేబుల్ లాగకండి, పాటలో చిన్న క్లిక్ దాక్కుంటుంది. స్టేజి మీద ఒక రియో ఇన్‌పుట్‌కి 1 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చి తక్కువ వాల్యూమ్‌లో స్పీకర్లలోకి పంపండి. టోన్‌లో ఒక్క శాంపిల్ తెగినా టక్కుమంటుంది. ప్రైమరీ కేబుల్ పీకండి. వినండి. మళ్లీ పెట్టండి. ఇక్కడ ఓపిక కావాలి: లింకు వచ్చి, క్లాక్ స్థిరపడి, కంట్రోలర్‌లో అంతా మామూలుగా కనిపించేదాకా ఆగండి. తొందరపడి వెంటనే సెకండరీ పీకితే సౌండ్ పోతుంది, సిస్టమ్ మంచిది కాదని పొరపాటు నిర్ణయానికి వస్తారు. తర్వాత సెకండరీ పీకండి. తర్వాత కేబుల్ కాదు, ప్రైమరీ స్విచ్ ప్లగ్గే పీకండి. తర్వాత యూపీఎస్ మెయిన్స్ తీసేయండి. ఒకసారి బాక్సులన్నిటితో ఇలా చేయడానికి పావుగంట పడుతుంది. గేట్లు తెరవకముందు చేయాలి. "బాగా పనిచేస్తోంది కదా, ఎందుకు కదిలించడం" అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: పీకి చూడని సెకండరీని నేను లెక్కలోకి తీసుకోను.

నెట్‌వర్క్ కాపాడలేనివి కూడా ఉన్నాయి. రియో బాక్సే కాలిపోతే దాని రెండు పోర్టులూ కలిసే పోతాయి. అందుకే పోడియం మీద రెండు గూస్‌నెక్ మైకులు పెట్టినప్పుడు ఒకటి మొదటి రియోకి, రెండోది రెండో రియోకి ఇవ్వండి. రెండూ పక్కపక్క చానళ్లలో ఉంటే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ అవి ఒకే బాక్సులో ఉన్నాయి. కన్సోల్ పోతే ఏమిటి? పెద్ద టూర్లలో రెండు ఇంజన్లున్న కన్సోళ్లు వాడతారు. మనకంత స్థోమత ఉండదు. పోడియం మైకుని అనలాగ్ స్ప్లిట్ చేసి స్టేజి పక్కన చిన్న అనలాగ్ మిక్సర్‌కి ఇచ్చి, అక్కణ్నుంచి ఆంప్‌ల అనలాగ్ ఇన్‌పుట్‌కి ఒక లైను ఇస్తే సభ ఆగదు. డాంటే ఆంప్‌లు, ప్రాసెసర్లలో చాలావాటికి డిజిటల్ సిగ్నల్ పోతే అనలాగ్‌కి తనంతట తనే వెళ్లే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆన్ చేసి లెవెళ్లు ముందే సరిపోల్చండి. లేకపోతే మారిన క్షణంలో 10 డీబీ ఎక్కువగా అరిచి ముందు వరసని లేపి కూర్చోబెడుతుంది.

రికార్డింగ్ ల్యాప్‌టాప్‌లో డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దానికి సెకండరీ ఉండదు, ప్రైమరీ మీదే నడుస్తుంది. రికార్డింగ్ తప్పనిసరి అయితే రెండు పోర్టులున్న హార్డ్‌వేర్ కార్డు కొనండి. ట్రాక్స్ ప్లే చేసే ల్యాప్‌టాప్‌లు రెండుంటే ఆటో స్విచర్ వాడొచ్చు. మొదటి ల్యాప్‌టాప్ ఖాళీ చానల్‌లో ఒక టోన్ ఎప్పుడూ వస్తూ ఉంటుంది, అది ఆగగానే స్విచర్ రెండోదానికి మారిపోతుంది. రెండూ ఒకే క్షణంలో మొదలై నడుస్తూ ఉండాలి, అదొక్కటే షరతు.

సమయం అయిపోతోందంటున్నారు. ప్రశ్నలు అడగండి.

సభికుడు: అన్నా, మాది చిన్న సెటప్. ఎక్స్32 మిక్సర్, ఏఈఎస్50 (డాంటే కాని వేరే డిజిటల్ లైను) స్టేజ్ బాక్స్. మధ్యలో స్విచ్ పెట్టి రెండు లైన్లు తీసుకోవచ్చా?

కుదరదు తమ్ముడూ. ఏఈఎస్50కి కూడా అదే రకం కేబుల్ వాడతాం గానీ అది స్విచ్‌లలోంచి వెళ్లదు. నేరుగా ఒక పోర్టు నుంచి ఒక పోర్టుకే. నువ్వు ఇంకో షీల్డెడ్ కేబుల్ వేరే దారిలో లాగి, ముందే పరీక్షించి, రెండు చివర్లా సిద్ధంగా వేలాడదీసి ఉంచు. మొదటిది పోతే స్టేజి మీద ఒకరు, మిక్సర్ దగ్గర ఒకరు మార్చేయడమే. పెళ్లి రిసెప్షన్‌కి అది చాలు. ప్రతి షోకీ రెండు నెట్‌వర్క్‌లు కావాలని నేను అనను.

సభికురాలు: సార్, ఒకే మేనేజ్డ్ స్విచ్‌లో రెండు వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్‌లు) చేసి ప్రైమరీ ఒకదాంట్లో, సెకండరీ ఇంకోదాంట్లో పెడితే?

పనిచేస్తుంది, డాంటే ఒప్పుకుంటుంది. కేబుల్ తెగినా కాపాడుతుంది. కానీ ఆ స్విచ్‌కి పవర్ పోతే రెండు వీలాన్‌లూ ఒకేసారి పోతాయి. నాలుగు స్విచ్‌లు కొనలేనప్పుడు మధ్యేమార్గం అంతే. స్టేజి దగ్గర మాత్రం రెండు విడి స్విచ్‌లు పెట్టండమ్మా. తడి, దుమ్ము, తొక్కిసలాట అన్నీ అక్కడే.

సభికుడు: సెకండరీని వైఫై మీద తీసుకోలేమా సార్? ఇంకో కేబుల్ లాగే పని తప్పుతుంది.

డాంటే ఆడియో వైఫై మీద నడవదు. పది వేల ఫోన్లున్న గ్రౌండ్‌లో ఐప్యాడ్ కంట్రోలే నమ్మకంగా ఉండదు, ఆడియో సంగతి ఎందుకు. కేబుల్ లాగండి.

సభికుడు: షో నడుస్తుండగా ప్రైమరీ పోయినట్టు కంట్రోలర్‌లో కనిపించింది. వెంటనే బాగు చేయాలా, వదిలేయాలా?

మంచి ప్రశ్న. మొదట ముట్టుకోకండి. సెకండరీ మీద షో నడుస్తోంది, నడవనివ్వండి. సెకండరీ దారిలో ఎవరూ తొక్కకుండా ఒక మనిషిని నిలబెట్టండి, సెకండరీ స్విచ్ ప్లగ్గు దగ్గర ఇంకొకరిని. తర్వాత ప్రైమరీ ఎక్కడ తెగిందో చూడండి. కొత్త కేబుల్ వేయాల్సి వస్తే లాగి, టెస్టర్ పెట్టి చూసి, గుచ్చకుండా ఉంచండి. వస్తూ పోతూ ఉండే కేబుల్‌ని షో మధ్యలో గుచ్చితే లేనిపోని తలనొప్పి. జ్యోతి ప్రజ్వలనో, ఏవీ (వీడియో) వేసే సమయమో, స్టేజి మీద మైకులు మూసి ఉండే వ్యవధి ఎప్పుడో ఒకటి వస్తుంది. అప్పుడు గుచ్చండి. గుచ్చే ముందు రంగు టేపు చూసుకోండి.